పురి ఎటు తిరిగితే అల్లిక అటు

కొత్త టీషర్టును నాలుగైదు సార్లు ఉతికాక ఒకసారి పరిచి చూడండి. చంక కింద నుంచి నిటారుగా దిగాల్సిన పక్క కుట్టు మెల్లగా పొట్ట మీదికి జరిగి ఉంటుంది. రెండో పక్కది వీపు మీదికి పోయి ఉంటుంది. కుట్టినవాళ్లనో ఉతికినవాళ్లనో తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు అందులో ఇద్దరి తప్పూ ఉండదు. టీషర్టు బట్టను మగ్గం మీద నెయ్యరు, మిషన్ మీద అల్లుతారు. అందుకు వాడేది సాధారణంగా ఒంటిపేట నూలు, అంటే ఇంకో పోగుతో కలిపి పేనకుండా ఒంటరిగా వడికిన నూలు. వడికేటప్పుడు ఎక్కించిన పురి, అంటే మెలి, ఇంకా ఆ నూల్లో అణిగి ఉంటుంది. నీళ్లు తగిలి బట్ట కాస్త వదులు కాగానే అది విడిపోవాలని చూస్తుంది. విడిపోవడానికి చోటు లేక ప్రతి కుట్టునూ ఒక పక్కకు వాలుస్తుంది. వేలాది కుట్లు తలా కొంచెం వాలేసరికి బట్ట మొత్తం మెలి తిరుగుతుంది. అల్లే మిషన్ గుండ్రంగా తిరగడం వల్ల కూడా కొంత వాలు వస్తుంది, కానీ నూలు పురి పాత్ర తక్కువేమీ కాదు.

చేత్తో అల్లేవాళ్ల చిక్కుల్లోనూ చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. స్వెటర్ మెడ సాగి వేలాడుతుంది. ఫొటోలో అందంగా పైకి తేలిన జడ అల్లిక మనం అల్లితే అణిగిపోయి కనిపిస్తుంది. మోచేతుల దగ్గర నూగు ఉండలు కడుతుంది. ఒక్కో కుట్టూ లెక్కపెట్టి అల్లినా కొలత తప్పుతుంది. అలాంటప్పుడు మన చెయ్యి కుదరలేదనుకుంటాం, లేదంటే సూదుల నంబరు మార్చి చూస్తాం. నూలు సంగతి ఆలోచించడం అరుదు. రంగు, మందం, ధర చూసి ఊలు ఉండ కొనేస్తాం. నూలు వడకడం, అల్లడం రెండు వేర్వేరు హాబీలుగా చెలామణీ అవుతున్నాయి కాబట్టి ఒకవైపు సంగతులు రెండోవైపు చేరవు. నా మటుకు, అల్లిక బాగుపడాలంటే ఇంకో పది ప్యాటర్న్‌లు నేర్చుకోవడం కన్నా ఒక తకిలీ (చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు) పట్టుకుని నాలుగు రోజులు వడికి చూడటమే దగ్గర దారి. వడికిన నూలు ఎందుకూ పనికి రాకపోయినా ఫరవాలేదు. పురి అంటే ఏమిటో వేళ్లకు తెలిసొస్తుంది.

జిగురు లేకుండా నిలిచేది ఎలా

మెరినో గొర్రె ఉన్ని పోగు పొడవు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు. మందం 17 నుంచి 24 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). పత్తి పోగు ఇంకా పొట్టి, 2.5 నుంచి 3.5 సెంటీమీటర్లు. ఇంత పొట్టి పోగుల నుంచి కిలోమీటర్ల పొడవున నూలు వస్తోంది, మధ్యలో ఎక్కడా జిగురు లేదు, ముడి లేదు. పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. ఏకిన ఉన్నిని పురి లేకుండా లాగితే పోగులు ఒకదాని మీంచి ఒకటి జారి చేతిలో విడిపోతాయి. దాన్నే మెలి తిప్పి లాగితే పైనున్న పోగులు లోపలి వాటిని చుట్టుకుని నొక్కుతాయి. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా నొక్కుతాయి. లాగే బలమే పట్టుగా మారడం ఇందులోని కీలకం. అయితే దీనికీ ఓ హద్దుంది. పురి మరీ ఎక్కువైతే పోగులు బాగా ఏటవాలుగా పడుకుంటాయి, నూలు తీగలా బిరుసెక్కి తనలో తనే కొక్కేలు కడుతుంది, బలం పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

ఫ్రాన్స్‌లోని అబ్రి డు మరాస్ అనే రాతిగూడులో ఒక రాతి పనిముట్టుకు అంటుకుని ఆరు మిల్లీమీటర్ల తాడు ముక్క దొరికింది. 2020లో ఆ వివరాలు బయటికొచ్చాయి. నలభై వేల ఏళ్ల కిందట, ఇంకా ముందో, నియాండర్తల్ మనుషులు చెట్టు బెరడు నారతో చేసిన తాడు అది. అందులో మూడు పేటలున్నాయి. ఒక్కో పేటను ఒక దిక్కుకు తిప్పి, మూడింటినీ కలిపి ఎదురు దిక్కుకు పేనారు. ఇవాళ కొట్లో కొనే ఊలు ఉండలో ఉన్నదీ ఇదే పద్ధతి.

ఎదురు దిక్కు ఎందుకో తెలుసుకోవడానికి రాట్నం అక్కర్లేదు. జానెడు దూదిని వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తూ ఒకే దిక్కుకు తిప్పండి. సన్నటి పోగు తయారవుతుంది. రెండు కొసలూ వదలకుండా పట్టుకుని మధ్యలోకి మడిచి, మడత దగ్గర వదిలేయండి. మీరు తిప్పక్కర్లేదు, అదే గిరగిరా తిరిగి రెండు పేటల దారంగా పెనవేసుకుంటుంది. తిరిగిన దిక్కు మీరు తిప్పినదానికి సరిగ్గా ఎదురు. ఒంటిపేటలో అణిగి ఉన్న పురి విడిపోవాలని చూస్తూ రెండు సగాలనూ ఒకదాని మీద ఒకటి చుట్టేస్తుంది. ఒంటిపేటల్లో కొంత పురి తగ్గి, పేనినదాంట్లో కొంత పురి ఎక్కి, రెండూ సరితూగిన చోట ఆట ఆగిపోతుంది. ఆ స్థితికి వచ్చిన నూలును కుదురైన నూలు అనొచ్చు. దాన్ని చిలపగా, అంటే వదులైన వలయంలా, చుట్టి వేలికి తగిలిస్తే మెలి తిరగకుండా నిటారుగా వేలాడుతుంది. వడికేవాళ్లు పని మధ్యలో ఎన్నోసార్లు ఆగి, మూరెడు పోగు మడిచి చూసుకునేది ఇందుకే. పేనాక నూలు ఎలా ఉండబోతుందో ఆ మడత అప్పుడే చెప్పేస్తుంది.

పురి దిక్కుకు ప్రపంచమంతా రెండు గుర్తులు వాడుతుంది. పోగుల వాలు ఇంగ్లిష్ అక్షరం జెడ్ నడుమ గీతలా ఉంటే జెడ్ పురి, ఎస్ నడుమ గీతలా ఉంటే ఎస్ పురి. తకిలీని పైనుంచి చూసినప్పుడు గడియారం ముళ్లు తిరిగే దిక్కుకు తిప్పితే జెడ్ వస్తుంది. మామూలుగా ఒంటిపేటను జెడ్‌లో వడికి, ఎస్‌లో పేనుతారు. రెండు పేటల నూలుకు ఒంటిపేటలోని పురిలో సుమారు మూడింట రెండు వంతులు పేనేటప్పుడు ఇస్తే కుదురుగా వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. దాన్ని శాసనంలా పట్టుకోవద్దు. మడత పరీక్ష అంతకన్నా నమ్మకమైనది.

పేటలు పెరిగితే మారేదేమిటి

బలం సంగతి ఎలాగూ ఉంది. అల్లికకు అంతకన్నా ముఖ్యమైనది నూలు అడ్డుకోత ఆకారం.

ఒంటిపేట నూలు మెత్తగా, మెరుపుగా ఉంటుంది. కానీ పోగుల కొసలు సులువుగా బయటికొచ్చి నూగు లేస్తుంది. పురి ఎక్కువున్న ఒంటిపేటతో సాదా అల్లిక అల్లితే చతురస్రం కావాల్సిన ముక్క పక్కకు ఒరిగిన పలకలా వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు రెండు సంగతులను కలిపేసి గందరగోళపడతారు. సాదా అల్లిక అంచులు చుట్టుకుపోతాయి కదా, అది నూలు చేసే పని కాదు. ఒకవైపంతా నిట్ కుట్లు (నునుపుగా కనిపించేవి), వెనకవైపంతా పర్ల్ కుట్లు (గడ్డల్లా ఉబ్బినవి) ఉండటం వల్ల రెండు ముఖాల మీదా లాగుడు సమానంగా ఉండదు. అందుకే పక్క అంచులు వెనక్కీ, పైకింది అంచులు ముందుకీ చుట్టుకుంటాయి. ఎంత మంచి నూలు తెచ్చినా చుట్టుకుంటాయి. ముక్క ఒరిగిపోతే మాత్రం అది పురి పనే. నిట్, పర్ల్ కలిపి అల్లే రిబ్బింగ్‌లోనో మాస్ స్టిచ్‌లోనో రెండు రకాల కుట్లూ ఎదురెదురుగా లాగి సరిపెట్టుకుంటాయి కాబట్టి అక్కడ చుట్టుకోవడమూ ఉండదు, ఒరగడమూ బాగా తగ్గుతుంది. ఒంటిపేట నూలు మీద మనసు పడితే అలాంటి అల్లికలు ఎంచుకోవడం తెలివైన పని.

రెండు పేటల నూలు అడ్డుకోత కాస్త కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. లేస్ అల్లికకు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే కుట్టు లోపల రెండు పేటలూ ఒకదాన్నొకటి తోసుకుని రంధ్రాలు విచ్చుకుని కనిపిస్తాయి. మూడు పేటల నూలు దాదాపు గుండ్రం. జడ అల్లిక, ఉబ్బెత్తు కుట్లు పైకి తేలాలంటే మూడు పేటలో అంతకన్నా ఎక్కువో కావాలి. మేజోళ్లకు మూడు పేటలుండాలి, పురీ గట్టిగా ఉండాలి. మడమ దగ్గర రాపిడికి పోగులు లేచిపోకుండా ఆపేది ఆ బిగువే. మెత్తగా ఉందని వదులు పురి నూలుతో మేజోళ్లు అల్లితే మడమలు త్వరగా చిరుగుతాయి. అదే నూలును మఫ్లర్‌కు వాడితే ఎన్నేళ్లయినా ఉంటుంది.

కొనే ఉండ మీది చీటీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా లెక్కలో ‘4 ప్లై’, ‘8 ప్లై’ అని రాసి ఉంటే లోపల నాలుగో ఎనిమిదో పేటలున్నాయని అర్థం చేసుకోవద్దు. అది ఒకప్పటి అలవాటు కొద్దీ మందానికి మిగిలిపోయిన పేరు. 8 ప్లై నూలు విప్పితే మూడో నాలుగో పేటలే కనిపించొచ్చు. అమెరికన్ పద్ధతిలో మందాన్ని 0 నుంచి 7 దాకా అంకెలతో చెబుతారు. 0 అంటే లేస్ నూలు. 4 నంబరు నూలుతో సాదా అల్లికలో 10 సెంటీమీటర్లకు సుమారు 16 నుంచి 20 కుట్లు పడతాయి. 1 నంబరుతో 27 నుంచి 32. చీటీ మీద వీటన్నిటికన్నా పనికొచ్చేది ఎన్ని గ్రాములకు ఎన్ని మీటర్లు అన్న వరస. ఒకే మందం కనిపించే రెండు నూళ్లలో ఒకటి 100 గ్రాములకు 200 మీటర్లూ, ఇంకోటి 260 మీటర్లూ ఉందంటే రెండోదాంట్లో గాలి ఎక్కువుందన్నమాట. తేలిగ్గా ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది.

గాలి ఎక్కడి నుంచి వచ్చింది

ఉన్నిని సిద్ధం చేసే తీరులో రెండు దారులున్నాయి. మొదటిది ఏకడం. సన్నటి ముళ్ల పలకల మధ్య ఏకితే పోగులు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా పడతాయి. దాన్ని ఏకులా చుట్టి, ఒక చేత్తో దూరంగా లాగుతూ వడికితే పోగుల నడుమ గాలి చిక్కుకుపోతుంది. నూలు పొంగినట్టు, మెత్తగా, వెచ్చగా ఉంటుంది. రెండోది దువ్వడం. పొడుగు పళ్ల దువ్వెనలతో దువ్వి, పొట్టి పోగులు ఏరేసి, మిగిలినవాటిని సమాంతరంగా పేర్చి, వేళ్లతో సర్దుతూ దగ్గర దగ్గరగా వడికితే నూలు నునుపుగా, గట్టిగా, మెరుపుగా వస్తుంది. ఒకే గొర్రె ఉన్నితో ఒకే మందంలో రెండు రకాలుగా వడికి పక్కపక్కన అల్లి చూస్తే వేర్వేరు గొర్రెలవేమో అనిపిస్తుంది. మొదటిదానికి నూగు త్వరగా లేస్తుంది. రెండోది ఎక్కువ కాలం మన్నుతుంది గానీ అంత వెచ్చగా ఉండదు. రెండూ కలిపి కావాలంటే కుదరదు, దేనికో ఒకదానికి రాజీపడాల్సిందే.

ఊలు గుచ్చుకోవడం వేరే విషయం, పురితో దానికి సంబంధం తక్కువ. మందం సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగుల కొసలు చర్మానికి తగిలినప్పుడు వంగకుండా పొడుస్తాయి. అలాంటివి కొద్ది శాతమున్నా దురద తెలుస్తుంది. ముతక ఉన్ని మెడకు పనికిరాదు, పై కోటుకు పనికొస్తుంది.

సన్న చోటికే పరుగెత్తే పురి

మొదటిసారి వడికినవాళ్ల నూలు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. ఒకచోట పురుగులా లావు, పక్కనే దారప్పోగులా సన్నం. లావు చోట పురి దాదాపు లేదు, ముట్టుకుంటే విడిపోయేలా ఉంది. సన్న చోట అంతా అక్కడే పోగై కొక్కేలు కట్టింది. దీని వెనక చిన్న భౌతికశాస్త్రం ఉంది. గుండ్రటి కడ్డీని మెలితిప్పడానికి పట్టే బలం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే మందం సగమైతే ఎదురు బలం పదహారో వంతుకు పడిపోతుంది. నూలు గట్టి కడ్డీ కాదు కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే రాదు గానీ పోకడ ఇదే. పురి సులువుగా తిరిగే చోటికి, అంటే సన్న చోటికి పోతుంది. తిప్పినకొద్దీ అక్కడే పెరుగుతుంది.

ఈ గుణం కొత్తవాళ్లను ఏడిపిస్తుంది, చెయ్యి తిరిగినవాళ్లకు ఊడిగం చేస్తుంది. సన్న చోట పురి బిగుసుకుంటే అక్కడి పోగులు ఇక జారవు. లావు చోట పురి తక్కువ కాబట్టి అక్కడి పోగులు ఇంకా జారగలవు. అలాంటి సమయంలో నూలును మెల్లగా లాగితే సన్న చోట అలాగే ఉండి, లావు చోట మాత్రమే సాగి సన్నబడుతుంది. అంటే సరైన క్షణంలో లాగితే నూలు తనను తానే సరిచేసుకుంటుంది. ఏకుల నుంచి చెయ్యి చాచి బారెడు పోగు ఒకేసారి లాగేవాళ్లను చూస్తే గారడీలా అనిపిస్తుంది గానీ, వాళ్లు చేస్తున్నది ఇదే. ముందు కొంచెం పురి పోనిచ్చి, దాని సాయంతో ఎగుడుదిగుళ్లు సాగదీసి, ఆ తర్వాత మిగతా పురి ఎక్కిస్తారు.

నేర్చుకునేటప్పుడు రెండు పనులూ ఒకేసారి చేయబోవద్దు. తకిలీ తిప్పి, అది వెనక్కి తిరగకుండా మోకాళ్ల మధ్య ఇరికించి, అప్పుడు తీరిగ్గా పోగు సాగదీసి పురిని పైకి పోనివ్వాలి. పురి అయిపోతే మళ్లీ తిప్పాలి. నెమ్మదిగా సాగుతుంది కానీ చేతుల్లో టెన్షన్ ఉండదు, నేల మీద తకిలీ పడి దొర్లడమూ ఉండదు.

తకిలీలో తేడా, రాట్నంలో లెక్క

కింద వేలాడదీసి తిప్పే తకిలీ బరువు మామూలు ఉన్నికి 20 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటే సరిపోతుంది. బరువొక్కటే చూసి కొనొద్దు, ఆ బరువు ఎక్కడుందో చూడాలి. బిళ్ల అంచుల్లో బరువున్నది నెమ్మదిగా మొదలై చాలాసేపు తిరుగుతుంది. కదురు దగ్గరే బరువున్నది చాలా వేగంగా తిరిగి త్వరగా ఆగిపోతుంది. పొడుగు పోగు ఉన్నిని తక్కువ పురితో, మందంగా వడకడానికి మొదటిది. పొట్టి, సన్న పోగుకు రెండోది. పత్తి పోగు పొట్టిది కాబట్టి దానికి చాలా పురి కావాలి, పైగా తకిలీ బరువు నూలు మీద పడితే తెగిపోతుంది. అందుకని పత్తి తకిలీ చిన్నదిగా, తేలిగ్గా ఉంటుంది. దాని మొనను గిన్నెలోనో పలక మీదో ఆనించి తిప్పుతారు.

రాట్నం బొమ్మలు 13వ శతాబ్దం నుంచి బాగ్దాద్‌లో, చైనాలో, యూరప్‌లో కనిపిస్తాయి. కాలితో తొక్కే పెడల్, నూలును చుట్టుకునే ఫ్లయర్ యూరప్ రాట్నాలకు ఆ తర్వాతెప్పుడో చేరాయి. రాట్నం కొనేవాళ్లు ముందుగా అడగాల్సింది దాని నిష్పత్తి. పెద్ద చక్రం వ్యాసం 45 సెంటీమీటర్లు, తాడు పడే చిన్న కప్పీ 6 సెంటీమీటర్లు అనుకోండి. 45ను 6తో భాగిస్తే 7.5. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోపు నూలుకు ఏడున్నర మెలికలు పడతాయి. ఆ ఒక్క చుట్టులో మీరు 5 సెంటీమీటర్ల పోగు సాగదీస్తే సెంటీమీటరుకు ఒకటిన్నర మెలిక. కాస్త మందమైన నూలుకు ఇది చాలు. మేజోళ్ల నూలుకు సెంటీమీటరుకు మూడు కావాలంటే, అదే చుట్టులో రెండున్నర సెంటీమీటర్లే లాగాలి, లేదా కప్పీని 3 సెంటీమీటర్లదానికి మార్చాలి. కాళ్లు వేగంగా తొక్కినంత మాత్రాన పురి ఎక్కువ పడదు, చెయ్యి కూడా అదే లెక్కలో వేగం పెంచేస్తే. పురిని నిర్ణయించేది కాలికీ చేతికీ మధ్య ఉన్న నిష్పత్తి. గాంధీ యరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపుదిద్దిన పెట్టె చరఖాలో ఒకదానికొకటి తాడుతో కలిపిన రెండు చక్రాలుంటాయి. ఒక చక్రం వేగాన్ని రెండోది ఇంకా పెంచుతుంది. పత్తికి కావాల్సినంత పురి చిన్న పెట్టెలో ఇమిడే యంత్రంతో రావాలంటే అలా పెంచక తప్పదు. ఇప్పుడు పత్తి వడికే హాబీవాళ్లు చాలా దేశాల్లో దాన్నే వాడుతున్నారు.

పది సెంటీమీటర్లలో రెండు కుట్లు

నూలు కుదిరింది, ఇక అల్లడమే అనుకుంటే ముందు ఒక చిన్న ముక్క అల్లి కొలవాలి. దీన్నే గేజ్ చూడటం అంటారు, అందరూ ఎగ్గొట్టేదీ దీన్నే. ఎగ్గొడితే ఏమవుతుందో చూద్దాం. ప్యాటర్న్ ప్రకారం 10 సెంటీమీటర్లకు 22 కుట్లు. ఛాతీ కొలత 100 సెంటీమీటర్లు కాబట్టి 220 కుట్లు. మీ చేతిలో 22 బదులు 20 పడ్డాయి. చూడ్డానికి రెండే కుట్లు. కానీ 220 కుట్లకు ఇప్పుడు 110 సెంటీమీటర్లు వస్తుంది. స్వెటర్ ఇంకో మనిషిది అయిపోయింది. 24 పడితే 92 సెంటీమీటర్లకు తగ్గి ఊపిరాడదు.

ముక్క కనీసం 15 సెంటీమీటర్ల చదరం ఉండాలి, మధ్యలోని 10 సెంటీమీటర్లలో లెక్కపెట్టాలి. అంచుల దగ్గర కుట్లు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. అంతకన్నా ముఖ్యం, ముక్కను ఉతికి ఆరబెట్టాక కొలవడం. ఏకిన ఉన్ని నూలు ఉతకగానే విచ్చుకుని కుట్ల మధ్య ఖాళీని నింపుతుంది. పత్తి, వెదురు నూళ్లకు సాగే గుణం లేదు, అవి తమ బరువుకే కిందికి జారతాయి. మొదట్లో చెప్పిన మెడ సాగడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఉన్ని పోగులో సహజంగా ఉండే అలల్లాంటి వంకరలు స్ప్రింగుల్లా పని చేసి అల్లికను వెనక్కి లాగుతాయి, పత్తికి అవి లేవు. పత్తితో స్వెటర్ అల్లాలంటే కుట్లు ఒక పిసరు బిగువుగా, రిబ్బింగ్ ఇంకో సైజు సన్న సూదులతో అల్లడం మేలు.

చేతి నూలుకు చీటీ ఉండదు కాబట్టి గేజ్ అంచనాకు ఒక పాత చిట్కా ఉంది. నూలును స్కేలు మీద పక్కపక్కన, లాగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒక అంగుళం మేర చుట్టండి. ఎన్ని చుట్లు పట్టాయో అందులో సగం, సుమారుగా అంగుళానికి పడే కుట్లు. 12 చుట్లు పడితే ఆరు కుట్లు, అంటే 10 సెంటీమీటర్లకు దాదాపు 24. దీన్నిబట్టి సూది ఎంచుకుని, ఆపై ముక్క అల్లి చూసుకోవాలి.

సూదుల నంబర్ల గొడవ ఒక్క మాటలో తేల్చేయొచ్చు, మిల్లీమీటర్లే చూడండి. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, అమెరికన్ లెక్కలో 8 నంబరు 5 మిల్లీమీటర్లు. పైగా బ్రిటిష్‌లో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, అమెరికన్‌లో లావవుతుంది.

రోజూ చేసే పనిగా

ఇంత లెక్క ఉంటే దీన్ని తీరిక వేళ సరదా అనడం ఎలా అనిపించవచ్చు. నిజానికి ఈ రెండు పనుల గొప్పతనం ముక్కలు ముక్కలుగా చేసుకోగలగడంలోనే ఉంది. పెరూ, బొలీవియా కొండల్లో ఆడవాళ్లు నడుస్తూ, పశువులు కాస్తూ తకిలీ తిప్పుతారు. స్కాట్లండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో వెనకటి తరం ఆడవాళ్లు వీపు మీద పీట్ (వంటచెరకులా కాల్చే ఎండు మట్టిగడ్డలు) బుట్టలు మోస్తూ, నడుముకు కట్టుకున్న బెల్టులో సూది గుచ్చి దారి పొడుగునా అల్లేవారు. వాళ్లకు అది సరదా కాదు, కూలి. కానీ పని ఎక్కడైనా ఆపి ఎక్కడైనా మొదలుపెట్టవచ్చన్న గుణం మనకూ అలాగే దక్కింది. వరస మధ్యలో ఆపినా కుట్లు సూది మీదే ఉంటాయి. తకిలీ ఆపేస్తే నూలు కదురు మీదే ఉంటుంది.

మొత్తం పని ఎంతో తెలిసుంటే మంచిది. 64 కుట్ల చుట్టుతో, 10 సెంటీమీటర్లకు 44 వరసల లెక్కన, కాలు పాదం కలిపి 40 సెంటీమీటర్ల మేజోడు అల్లితే 176 వరసలు, పదకొండు వేల పైచిలుకు కుట్లు. జతకు ఇరవై రెండు వేలు దాటుతాయి. సన్న నూలు స్వెటర్‌కు 1,200 మీటర్ల మూడు పేటల నూలు కావాలంటే 3,600 మీటర్ల ఒంటిపేట వడకాలి, తరుగు అదనం. చక్రం ఒక్కో చుట్టుకు 5 సెంటీమీటర్ల చొప్పున లాగితే 72,000 చుట్లు. ఆ తర్వాత పేనడం వేరే. ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లోనే అల్లే మిషన్ చేశాడు, 18వ శతాబ్దంలో వడికే మిషన్లు వచ్చాయి, కాబట్టి డబ్బు ఆదా కోసం ఎవరూ ఇందులోకి దిగక్కర్లేదు. మొత్తం స్వెటర్‌ను చేతి నూలుతోనే అల్లాలన్న పట్టుదలా నాకు అంత నచ్చదు. మొదటి ఏడాది టోపీకో మఫ్లర్‌కో సరిపడా వడికి, మిగతా నూలు కొనుక్కోవడంలో నామోషీ ఏముంది? చేతి నూలు తెలిసినవాళ్లు కొనేటప్పుడు ఉండలోంచి బెత్తెడు కొస లాగి పురి విప్పి చూస్తారు. పేటలెన్ని, పోగులు పొడుగ్గా ఉన్నాయా, కొద్దిగా లాగితేనే విడిపోతోందా అన్నది అప్పుడే తేలిపోతుంది.

చివరగా, ఏది బాగుచేయొచ్చో ఏది చేయలేమో. అల్లిక తప్పితే విప్పేయొచ్చు. విప్పిన నూలు నూడుల్స్‌లా వంకరలు పోయి ఉంటే చిలపగా చుట్టి, రెండు మూడు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నాననిచ్చి, పిండకుండా టవల్‌లో ఒత్తి వేలాడదీస్తే సాఫీ అవుతుంది. కొత్తగా పేనిన నూలుకూ ఇదే స్నానం చేయిస్తారు, పురి కుదురుకోవడానికి. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, రుద్దకూడదు, వేడి నీళ్లలోంచి ఒక్కసారిగా చల్లటి నీళ్లలో వేయకూడదు. ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడితే ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. పేనడంలో పురి తక్కువైతే అదే దిక్కులో రాట్నం మీద ఇంకోసారి నడిపించొచ్చు. ఎక్కువైతే ఎదురు దిక్కులో నడిపించి కొంత తీసేయొచ్చు. చిలప స్నానం చేశాక కూడా ఒకటి రెండు మెలికలు తిరుగుతుంటే పట్టించుకోవద్దు, కుట్లలో పడ్డాక అంత మాత్రం కనిపించదు. నాలుగైదు మెలికలు తిరిగితే మాత్రం అల్లడం మొదలుపెట్టకముందే మళ్లీ రాట్నం ఎక్కించండి.